కొత్తకుండ తొలిరేకు

మా పిన్ని సత్యవేణి ఒక్క ఏడాదిలో ముగ్గురు నెయ్యివాళ్లను మార్చింది. మొదట మాన్పించింది గంగరాజును. పదహారేళ్లుగా పిన్ని పూతరేకులకు నెయ్యి పోస్తున్న మనిషి. "నీ నెయ్యికి వాసన లేదు, ఏం కలుపుతున్నావో ఏంటో" అని పదిమందిలో అనేసింది. గంగరాజు డబ్బా మూత తీసి, అరచేతికి రాసుకుని చూపించి, "వీధి చివరికంటా కొడుతుంటే వాసన లేదంటావేంటి సత్యవేణీ" అని కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు. రెండోవాడు పోట్లాడి మరీ వెళ్లాడు. మూడోవాడు ఏమీ అనకుండా మర్నాటి నుంచి రావడం మానేశాడు. ఏడాది తిరిగేసరికి పిన్నికి ఊళ్లో గయ్యాళి అనే పేరు స్థిరపడిపోయింది.

నిజానికి ఇది పిన్ని బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. టౌన్లో డాక్టర్ సుదర్శనంగారు ఇచ్చిన సలహా. ఆ రోజు నేనూ పిన్ని పక్కనే ఉన్నాను.

"ఏమ్మా, ఏంటి బాధ?" అన్నారాయన, ముందు పేషెంటు చీటీ ఇంకా రాస్తూనే.

"బాధంటే బాధ కాదండి. నెయ్యి వాసన తెలవట్లేదండి. పొద్దున్నే రేకులేత్తుంటే కుడిచెయ్యి నా మాట ఇనట్లేదండి. పైకి కనపడదండి, నాకే తెలుత్తాది."

"చేతులు చాపు."

పిన్ని చాపింది. రెండు చేతులూ గోడకు కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి.

"బంగారంలాంటి చేతులు. ఇక వాసనంటావా, ఈ రోజుల్లో నెయ్యి నెయ్యిలా ఎక్కడుందమ్మా? నెయ్యి పోసేవాణ్ణి మార్చి చూడు!" అని ఆయన నవ్వారు. కాంపౌండరు నవ్వాడు. దాచుకోవడం ఎందుకు, నేనూ నవ్వాను. "యాభై దాటాయి కదా, టెన్షన్లు తగ్గించుకో" అని బలం మాత్రలు రాసిచ్చారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆసుపత్రిలో మాత్రం చెప్పుకునేవాళ్లే లోకువ. ఆ తర్వాత నాలుగేళ్లలో పిన్ని మరో మూడుసార్లు వెళ్లింది. ఒకసారి గ్యాసన్నారు, ఒకసారి నిద్రమాత్ర రాశారు, ఒకసారి "ఇంట్లో ఒక్కదానివే ఉంటావు కదా, ఆలోచనలు ఎక్కువ" అన్నారు. నాకు ఫోన్ చేసి చెబితే, "డాక్టరుగారే చెప్పారు కదా పిన్నీ" అనేదాన్ని.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ పిన్నే. పొయ్యి ముందు కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ ఒక్కసారి లాగితే క్షణంలో కాగితంకంటే పల్చని రేకు లేచేది. ఆ రేకుల దగ్గర కూర్చుని చదువుకున్నదాన్ని కాబట్టే కాబోలు, పెద్దయ్యాక పల్చటి పొరల ప్రయోగశాలలోనే ఉద్యోగంలో పడ్డాను. హైదరాబాదు శివార్లలో ఉంటుంది మా ప్రయోగశాల. ఎండను కరెంటుగా మార్చే అద్దాల మీద పొరలు వేయడం మా పని. వేసేది మరచెయ్యి. పొర ఎక్కడైనా చెడితే, మరచెయ్యి ఎక్కడ తడబడిందో పట్టుకోవడానికి మా పెద్ద ఫాతిమా మేడం ఆరేళ్లు కష్టపడి ఒక యంత్రం చేశారు. దాని పేరు పొరచూపు.

పొరచూపు ముందు ఏ పొర పెట్టినా, దానిమీద వెలుతురు పాకించి ప్రతి చుక్క దగ్గరా మందం ఎంతో కొలుస్తుంది. వెంట్రుకను పదివేల చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత తేడా కూడా దానికి తెలుస్తుంది. ఆ కొలతల్ని బట్టి ఆ పొర వేసిన చెయ్యి ఎలా కదిలిందో తిరిగి లెక్కకట్టి, తెరమీద నీలంగీతలతో ఆ చేతిని కదిలించి చూపిస్తుంది.

సోమవారం మధ్యాహ్నం టీ వేళ పొరచూపుతో ఎవరికి తోచింది వాళ్లు పరీక్షించుకోవచ్చని మేడం అనుమతి. ఒకరు దోసె పెట్టారు. ఒకరు గోళ్లరంగు పెట్టారు. ఒక సోమవారం నేను పిన్ని పంపిన పూతరేకుల డబ్బాలోంచి చుట్టని రేకు ఒకటి తీసి పెట్టాను.

తెరమీద చెయ్యి లేచింది. గుడ్డను తడిపింది, కుండమీద ఎడమనుంచి కుడికి లాగింది, చివర మణికట్టు చిన్నగా విదిలించింది. అచ్చం మా పిన్నే. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం ఒక్కరే కొట్టలేదు. దగ్గరికొచ్చి, బొమ్మను ఆపి, గీతను పెద్దది చేశారు. చెయ్యి నడిచిన దారి పొడుగునా చిన్న చిన్న అలలు. సెకనుకు ఐదు. ఒకటి తప్పకుండా, ఒకే దూరంలో.

"ఈ చెయ్యి ఎవరిది సుగుణా?"

"మా పిన్నిదండీ."

"ఆమెకు వాసనలు తెలుస్తున్నాయా?"

పిన్ని వాసన సంగతి నేను ఆ ప్రయోగశాలలో ఎవరికీ చెప్పలేదు.

"అలసటతో వచ్చే వణుకు ఇంత క్రమంగా ఉండదు. మా నాన్నగారికి వణుకుడు జబ్బు వచ్చి చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ల ముందే అత్తరు వాసన తెలియకుండా పోయింది. ఎవరం పట్టించుకోలేదు. ఇది కంటికి కనపడని వణుకు. గుడ్డకు తెలిసింది, పిండికి తెలిసింది. పాత రేకులేమైనా దొరుకుతాయా?" అన్నారు మేడం.

పాత రేకులు ఎవరు దాస్తారు అనుకుంటూనే ఫోన్ చేశాను.

"ఎందుకుండవే, రేకుపెట్టె నిండా ఉన్నాయి" అంది పిన్ని.

నాకప్పుడు గుర్తొచ్చింది. కొత్తకుండ కొన్నప్పుడు అది వెంటనే మాట వినదు. వారంపాటు కాల్చి, నూనె పట్టించి, వేసిన ప్రతి రేకూ చిరుగుతుంటే తిట్టుకుంటూ మళ్లీ వేసి, మచ్చిక చేసుకోవాలి. చిరగకుండా లేచిన మొదటి రేకును పిన్ని వాళ్లింట్లో ఎవరూ తినరు. ఆ రోజు పేపర్లో మడిచి, వేపాకు వేసి, రేకుపెట్టెలో దాస్తారు. కుండ పగిలేదాకా ఉంచి తర్వాత కాలవలో కలపాలన్నది ఆచారం. పిన్ని అత్తగారు వీరాయమ్మకు పారేయడానికి మనసొప్పేది కాదు. పిన్నికీ ఒప్పలేదు. అలా పోగైనవి ఇరవై ఏడు రేకులు, ఒక్కోటి తన తేదీ ఉన్న పేపర్లో.

పిన్ని పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. ప్రయోగశాలలో చెప్పులు విప్పమంటే గుడిలోకి వచ్చినట్టు కొంగు కప్పుకుంది. పొరచూపును నాలుగువైపులా చూసి, "పొయ్యెక్కడే దీనికి?" అంది.

పసుపురంగు తేలిన పేపర్లోంచి అన్నిటికంటే పాత రేకును పట్టకారుతో తీసి పెట్టాను. తెరమీద లేచిన చెయ్యి పిన్నిది కాదు. నెమ్మదిగా, బరువుగా కదిలింది. చివర్న విదిలించలేదు, గుడ్డను ఒక్కసారి లోపలికి తిప్పింది.

"మా అత్తగారు!" అని పిన్ని కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఆవిడే అలా తిప్పేది. నేనలా తిప్పలేకపోతే చేతిమీద కొట్టేది. ఇంకోసారి ఏయవే."

మూడుసార్లు వేశాను. పోయి పద్దెనిమిదేళ్లయిన మనిషి చెయ్యి మూడుసార్లూ తడిపి, లాగి, తిప్పింది. ఫాతిమా మేడం కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. మేమంతా జబ్బు సంగతి మరిచిపోయి, తర్వాతి పేపరు విప్పడానికి పిల్లల్లా తొందరపడ్డాం.

తర్వాత పిన్ని చేతులు వచ్చాయి. కొత్తకోడలి చెయ్యి బెదురుగా వచ్చింది. ఏడాది తిరక్కుండానే కుదుటపడింది. బాబాయి పోయిన నెలలో వేసినది చాలా పల్చగా, చాలా వేగంగా ఉంది. ఏళ్లపాటు గీత నున్నగా సాగింది. ఇరవై మూడో రేకులో మొదటిసారి అలలు కనబడ్డాయి. పేపరు తేదీ చూశాను. నాలుగేళ్ల కిందటి ఫిబ్రవరి పన్నెండు.

పిన్ని బొడ్లోంచి ప్లాస్టిక్ సంచీ తీసింది. అందులో సుదర్శనంగారి చీటీలన్నీ ఉన్నాయి. మొదటి చీటీ ఫిబ్రవరి ఇరవైది.

"అంటే నాకు పిచ్చి కాదన్నమాట" అంది పిన్ని. ఆ తర్వాత ఏడ్చింది. జబ్బుందని తెలిసినందుకు కాదు ఆ ఏడుపు. నాకది తెలిసింది. నేను ఆ రోజు నవ్విన నవ్వు గుర్తొచ్చి తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

పెట్టె పట్టుకుని ఇద్దరం సుదర్శనంగారి దగ్గరికి వెళ్లాం. "పూతరేకులు తినడానికమ్మా, రోగాలు చూడ్డానికి కాదు" అని ఆయన నవ్వబోయారు. నేను ట్యాబ్‌లో చేతుల్ని వరసగా చూపించాను. మొదట నిలబడి చూశారు. తర్వాత కూర్చుని చూశారు. ఇరవై మూడో చెయ్యి వచ్చాక, పిన్ని చీటీలు తీసుకుని తేదీలు తనే సరిచూసుకున్నారు. బయట పేషెంట్లు గొణుగుతున్నా పట్టించుకోలేదు.

"నేను చేతులు చూశానమ్మా. మీరు చెప్పింది వినలేదు. నాదే తప్పు" అన్నారు. అన్నాళ్లూ "నువ్వు" అన్న మనిషి ఆ రోజు "మీరు" అన్నారు. అప్పటికప్పుడు నరాల డాక్టరుకు తనే ఫోన్ చేసి, పిన్ని దగ్గర నిలబడి అన్నీ మళ్లీ మొదటినుంచి అడిగి రాసుకున్నారు. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి మేడం అనుమానమే నిజం, ఇది వణుకుడు జబ్బేనన్నాడు. మందులు మొదలయ్యాయి.

నెల తిరిగేసరికి అలలు సగమయ్యాయి. మూడో నెలకు పూర్తిగా పోయాయి. పిన్ని ప్రతివారం ఒక రేకు కొరియర్లో పంపేది. నేను పొరచూపులో పెట్టి, ఆదివారం ఫోన్ చేసి ఫలితం చెప్పేదాన్ని. ప్రయోగశాలంతా ఆ గీతకోసం ఎదురుచూసేది. ఫాతిమా మేడం ఇలాంటి చిన్న పెట్టె ఒకటి ఆసుపత్రులకు చేద్దామని కాగితాలు గీయడం మొదలుపెట్టారు. నాకైతే గర్వంతో కాళ్లు నేలమీద నిలవడంలేదు.

అలాంటి ఒక ఆదివారం పిన్ని, "పిండిలో చీమలు పడుతున్నాయే" అంది.

"మూత పెట్టు పిన్నీ."

మరుసటి వారం, "మూతెట్టినా పడుతున్నాయే. తెల్లటి పిండిలో బారులు తీరి తిరుగుతున్నాయి" అంది.

"పంచదార డబ్బా పక్కనే పెట్టి ఉంటావు" అని చెప్పి, చీమల సుద్ద డబ్బా కొరియర్లో పంపాను. తర్వాత మరో రెండు పంపాను. నాలుగో ఆదివారం పిన్ని, "అది కాదే సుగుణా, ఆ చీమలు…" అంటుంటే మధ్యలోనే అందుకుని, "ఈ వారం గీత చూడాలి పిన్నీ! నా చెయ్యికన్నా నీ చెయ్యే నిలకడగా ఉంది. నీకింక ఏ బెంగా లేదు" అన్నాను.

పిన్ని "సర్లే" అంది. తర్వాత చీమల మాట ఎత్తలేదు. నాకు హాయిగా అనిపించింది.

ఆ తర్వాత రేకు రాలేదు. ఒక వారం కొరియర్ వాళ్లను తిట్టుకున్నాను. రెండో వారం కూడా రాకపోయేసరికి బయల్దేరాను. వెళ్తూ వెళ్తూ దారిలో ఇంకో సుద్ద డబ్బా కొన్నాను.

పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికి చేరి పెరట్లోకి వెళ్లాను. రేకులు వేసే పాక చుట్టూ నేలమీద, గోడమీద, పొయ్యి గట్టుమీద, రోలు చుట్టూ తెల్ల సుద్దగీతలు. ఒకదానిమీద ఒకటి, ఎన్నిసార్లు గీసిందో. కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసిన పిండి మడుగు కట్టింది. పొయ్యి వెలగలేదు. పిన్ని గ్రైండరు ముందు కూర్చుని మళ్లీ బియ్యం పోస్తోంది. మనిషి చిక్కిపోయింది.

"పొద్దున్నించి రెండుసార్లు పారబోసేను. చీమలున్న పిండితో రేకులేసి జనానికి ఎలా పెడతానే?" అంది నన్ను చూసి.

గిన్నెలోకి వంగి చూశాను. పిండి పాలలా తెల్లగా ఉంది. ఒక్క నలుసు లేదు.

"కనపట్లేదా? ఇదిగో, ఈ ఒడ్డునే పోతున్నాయి" అని పిన్ని గిన్నె అంచు వెంట వేలు నడిపించింది. వేలు నిలకడగా నడిచింది. పొరచూపుకు చూపించి ఉంటే మెచ్చుకునేది.

నా సంచీలో సుద్ద డబ్బా ఉంది. గురివిందకు తన కింద నలుపు తెలియదంటారు. నెయ్యివాణ్ణి మార్చమన్న డాక్టరును నేను ఎంతమంది ముందు ఎగతాళి చేశానో లెక్కలేదు. ఆయన ఒక్కసారే అన్నారు. నేను మూడు డబ్బాలు పంపాను.

పొయ్యి ముందు పిన్ని పీట పక్కనే నేలమీద కూర్చున్నాను. "ఎలా ఉన్నాయి పిన్నీ ఆ చీమలు?"

పిన్ని గ్రైండరు ఆపింది. "నవ్వుతావా?"

"నవ్వను. ఎప్పట్నుంచి?"

"నాలుగు నెల్లయ్యింది. నీకు చెప్పింది ఈ మధ్యే. ముందు కంట్లో నలక అనుకున్నాను" అంది. తర్వాత, అన్నాళ్లు కట్టుకున్న మాటల మూట విప్పింది. చీమలు సన్నవి, ఎర్రనలుపు. తెల్లటిదాని మీదే వస్తాయి. నల్లరాతి గిన్నెలో నీళ్లు పోసి చూసింది, రాలేదు. ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది మూసి చూసింది, రెండిటికీ కనపడ్డాయి. వేలు పెడితే కుట్టవు, వేలుమీదకు ఎక్కవు. పిండిగుడ్డ ముంచితే దారిచ్చి పక్కకు తప్పుకుంటాయి. "బలే మరియాదస్తులే" అని తనే చిన్నగా నవ్వింది. మా ప్రయోగశాలలో ఇంత పద్ధతిగా పరీక్ష చేసేవాళ్లు ఇద్దరు కూడా లేరు.

"ఎప్పుడొస్తాయి?"

"ఆ గుండ్రటి చిన్నమాత్ర ఏసుకున్న గంటకి. ఒకరోజు ఏసుకోవడం మర్చిపోయేను, ఆ పూట ఒక్క చీమా లేదు. అదే చెప్దామనుకున్నానే ఆ ఆదివారం. నువ్వు గీత బాగుందన్నావు."

పిన్ని చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. పిండి ఆరి తెల్లటి పొర కట్టి ఉంది ఆ చేతిమీద.

సుదర్శనంగారికి ఫోన్ చేసి, పిన్ని చెప్పింది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. "ఆ మాత్రతో కొందరికి ఇలా జరుగుతుంది. ఒక్కసారిగా ఆపొద్దు, నరాల డాక్టరుగారితో మాట్లాడి తగ్గిద్దాం" అన్నారు. తర్వాత, "నేను నెయ్యి పోసేవాణ్ణి మార్చమన్నాను. మీరేమన్నారు?" అని అడిగారు.

"చీమల సుద్ద పంపానండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "సాయంత్రం ఆవిణ్ణి తీసుకురండి" అని పెట్టేశారు.

మాత్ర తగ్గించుకుంటూ వచ్చాక చీమలు పల్చబడి, నెలకు పూర్తిగా పోయాయి. దానితో అలలు మళ్లీ వచ్చాయి. మొదటంత కాదుగానీ, వచ్చాయి. ఇంకో మందుంది, వాడి చూద్దామా అన్నాడు నరాల డాక్టరు. అందులో ఏం వస్తాయో, ఏం పోతాయో పిన్ని గంటసేపు కూర్చోబెట్టి అడిగింది. చివరికి, "ఇప్పటికిలా ఉండనీండి. చెయ్యి వణికినా అది నా చెయ్యే కదండి. లేని చీమలకి దడిసి పొయ్యి ఆర్పుకునే కంటే ఇదే నయం" అని తేల్చింది. రేకు కొంచెం ఎగుడుదిగుడుగా వస్తుంది. తినేవాళ్లెవరికీ తెలియదు. పిన్నికి తెలుసు, పొరచూపుకు తెలుసు.

మా చిన్నపెట్టె ఇప్పుడు సుదర్శనంగారి ఆసుపత్రిలో ఉంది. దానికి మేడం నా మాట విని ఒక తాళం పెట్టారు. పేషెంటు తన బాధను తన నోటితో చెప్పడం అయ్యాక, ఆ మాటలు రాసుకున్నాక, అప్పుడే తెర వెలుగుతుంది. డాక్టర్లు కొందరు టైము దండగని విసుక్కుంటున్నారట. విసుక్కోనీ.

మొన్న సోమవారం పిన్ని దగ్గరనుంచి పొట్లం వచ్చింది. కొత్తకుండ కొంది, తొలిరేకు లేచింది. ఆ రోజు పేపర్లోనే మడిచి, వేపాకు వేసి పంపింది. టీ వేళ అందరూ పొరచూపు చుట్టూ చేరారు. నేను పొట్లం విప్పకుండా బల్లమీద పెట్టి, ముందు ఫోన్ చేశాను.

"చెప్పు పిన్నీ, ఎలా ఉన్నావు?"

"నన్నడుగుతావేంటే, రేకు పంపేను కదా, పెట్టి చూసుకో."

"రేకు తర్వాత. ముందు నువ్వు చెప్పు."

అవతల పొయ్యిలోకి కొబ్బరాకు తోసిన చప్పుడు వినిపించింది. తర్వాత పిన్ని మొదలుపెట్టింది. చీమల్లేవు. పొద్దున్నపూట కాలు కొంచెం బరువుగా ఉంటోంది. నిద్ర పర్లేదు. గంగరాజు దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, మళ్లీ అతనిచేతే నెయ్యి పోయించుకుంటోంది.

"మరి వాసన తెలుస్తోందా?" అన్నాను ఆశగా.

"లేదే. అదింక రాదంట. గంగరాజే డబ్బా తెరిచి, వాసన చూసి, ఇయ్యాళ ఎలా ఉందో చెబుతాడు" అంది పిన్ని. "ఆయన చెబుతాడు, నేను నమ్ముతాను."